మా వదిన చేతి వార్నిష్

బేరాల బావను నేను ఈ జన్మలో క్షమించను! మా అక్క మొగుడని, ఇంటికి అల్లుడని ఇన్నేళ్ళూ నోరు మూసుకున్నాను. ఊళ్ళో ఎవరి ఇల్లు ఎవరు కొన్నా మధ్యలో ఆయన చెయ్యి ఉంటుంది. అందుకే ఆ పేరు. మా ఇంటిని కూడా ఆయన ఏనాడూ ఇల్లుగా చూడలేదు. గడప దాటి లోపలికి వస్తూనే కళ్ళతో గోడలు కొలిచేవాడు. పోనీ, అది ఆయన వృత్తి అనుకుందాం... కానీ ఆ శుక్రవారం అమ్మ ముందు, అన్న ముందు, మా వదిన చేతుల్ని చూసి, "చెల్లెమ్మా, నీ చేతికి చీపురే అందం!" అని పకపకా నవ్వాడే... ఆ నవ్వును ఎలా మర్చిపోను? ఆ చేతులు ఎలాంటివో నలుగురికీ తెలియాలి.

మా ఇంటి మేడ మీద పెద్ద హాలు ఉంది. నేలంతా చెక్క. ఎప్పుడో పాత గోదాము ఒకటి కూలగొడుతుంటే, వడ్రంగి అయిన మా నాన్న ఆ పలకలు తెచ్చుకుని, ఒక్కొక్కటీ చిత్రిక పట్టి, మేకు తల ఎక్కడా పైకి కనబడకుండా పరిచాడు. ఆయన పోయి పద్నాలుగేళ్ళయింది. ఆయన ఉండగానే మా అన్న చెక్కనేలలకు వార్నిష్ వేసే మేస్త్రీ అయ్యాడు. ఊరంతటి నేలల్నీ అద్దంలా మెరిపించాడు గానీ సొంత ఇంటి నేలకు మాత్రం ఒక్క పూత వెయ్యలేదు! అమ్మ వెయ్యనివ్వలేదు. "మీ నాన్న మైనం పట్టించమన్నాడు. నా చేతుల్లో సత్తువ ఉన్నన్నాళ్ళూ పట్టిస్తాను" అనేది. వారానికోసారి కొవ్వొత్తి ముక్కలు నూనెలో కరిగించి, మోకాళ్ళ మీద కూర్చుని, ఆ హాలంతా రుద్దేది.

ముప్పై ఏళ్ళ చెక్కపొడి, వార్నిష్ ఘాటు కలిసి మా అన్న ఊపిరితిత్తుల్ని తినేశాయి. నాలుగు మెట్లు ఎక్కితే మూడుసార్లు ఆగాలి. డాక్టరు ముఖం మీదే చెప్పేశాడు: "ఇక మీదట డబ్బా మూత తీసిన గదిలో కాలు పెట్టావంటే నా దగ్గరికి రావద్దు!" ఆ రోజుతో అన్న పని ఆగిపోయింది. ఇంట్లో పొయ్యి వెలగడమే కష్టమైంది. సరిగ్గా అప్పుడే బేరాల బావ ఒక వ్యాపారిని వెంటబెట్టుకొచ్చాడు. ఇల్లు అమ్మేసి ముగ్గురం మూడు వాటాలు తీసుకోవాలట. అమ్మ ఏ వాటాలో ఉండాలో మాత్రం ఆయన చెప్పలేదు.

వదిన మర్నాడు చెప్పులేసుకుని బయటికి వెళ్ళింది. డాన్సు నేర్పే టీచరమ్మ ఒకావిడ చెక్కనేల ఉన్న హాలు కోసం వెతుకుతోందని ఎక్కడో విన్నదట. వెళ్ళి, ఆవిడ గుమ్మం ముందు నిలబడి అడిగేసింది. "రెండు వారాల తర్వాత సోమవారం వచ్చి చూస్తాను. నేల నున్నగా, జారకుండా ఉంటే అయిదేళ్ళకి తీసుకుంటా" అంది టీచరమ్మ. అయిదేళ్ళ అద్దె! అన్న మందులు, అమ్మ నీడ, అన్నీ అందులోనే ఉన్నాయి. బావ పెదవి విరిచి, "సరే, ఆవిడ సోమవారం సరేనంటే నేను అమ్మకం మాట ఎత్తను. కాదంటే మంగళవారం అందరూ సంతకాలు పెట్టాలి" అన్నాడు. అందరం తలూపాం.

నేను ఎటువైపంటారా? దాచడం ఎందుకు... బావ వైపే. ఇరవై ఆరేళ్ళుగా ఒకరి వ్యాను తోలుతున్నాను. ఏడో తరగతిలో నన్ను బడి మాన్పించి పనికి పెట్టారు. నాకంటూ ఒక బండి ఉండాలని కోరిక. వాటా చేతికొస్తే తప్ప ఆ కోరిక తీరదు.

మేస్త్రీని పిలిచే స్తోమత లేదు. అన్న ఆ గదిలోకి రాకూడదు. "నేనే వేస్తాను" అంది వదిన. అన్న నవ్వబోయి దగ్గాడు. "నీకేం వచ్చే?" అన్నాడు.

"పద్దెనిమిదేళ్ళుగా మీ బ్రష్‌లు ఎవరు కడుగుతున్నారండీ? ఏ బ్రష్ ఏ నేల మీద అరిగిందో దాని వెంట్రుకలే చెప్తాయి నాకు. మీరు నోటితో చెప్పండి, నేను చేత్తో చేస్తాను."

అది నిజం! రోజూ సాయంత్రం అన్న రాగానే ఆ బ్రష్‌లు తీసుకుని, టర్పెంటైన్‌లో జాడించి, సబ్బుతో కడిగి, దువ్వెనతో దువ్వి, కాగితం చుట్టి పెట్టేది. ఆ పిల్లలకి జడలేస్తున్నావా అని నేను వెక్కిరించేవాణ్ణి. పిల్లలు లేని మనిషిని ఆ మాట అనకూడదని నాకు అప్పట్లో తోచలేదు...

పది రోజులు! తలకు గుడ్డ చుట్టుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని, గరుకు కాగితంతో నేలంతా గీకింది. మైనం కాగితానికి అంటుకుపోతుంటే కొత్త కాగితం, మళ్ళీ కొత్తది. మోకాళ్ళు పుండ్లు పడితే పాత దిండ్లు కట్టుకుంది. పదో రోజుకి అన్నేళ్ళ నలుపు పోయి, లోపలి చెక్క పసిపాప ఒంటిలా తెల్లగా బయటపడింది. గురువారం సాయంత్రం అన్న వరండాలో కూర్చుని, నేనూ వదినా వింటుండగా గట్టిగా చెప్పాడు: "ఇక దాని మీద మైనం గానీ నూనె గానీ చుక్క పడకూడదు. పడిందా, వార్నిష్ నిలవదు." అమ్మ అప్పుడు వెనక గదిలో పడుకుని ఉంది. ఆ మాట ఆమె చెవిన పడలేదు.

శుక్రవారం తెల్లవారింది. టీ గ్లాసు పట్టుకుని మేడ మీదికి వెళ్ళాను. హాలు తలుపు ఓరగా ఉంది. లోపల అమ్మ! కిటికీ కింద, నాన్న ఒకప్పుడు బల్ల వేసుకుని పని చేసుకునే చోట, మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. చేతిలో గుడ్డ, పక్కన మైనం గిన్నె. ఆ తెల్లటి చెక్కను నిమురుతూ తనలో తాను మాట్లాడుకుంటోంది. "చర్మం ఒలిచేశారయ్యా నిన్ను... మండుతోందా... కాస్త పట్టిస్తాను, ఉండు..." కిటికీ నుంచి హాలు మధ్యదాకా, చాప వెడల్పున, అలా రుద్దుకుంటూ వచ్చింది.

నేను ఒక్క కేక వేస్తే సరిపోయేది. వెయ్యలేదు! నా కళ్ళ ముందు కొత్త వ్యాను కనబడింది. చప్పుడు చెయ్యకుండా మెట్లు దిగిపోయాను.

ఎనిమిదింటికి వదిన డబ్బా మూత తీసింది. చూడాలి ఆ పని! ఏ మూల మొదలుపెట్టి ఏ గుమ్మంలో తేలాలో ముందే వేలితో గాలిలో గీసుకుంది. బ్రష్ ముంచి, డబ్బా అంచుకు ఒక్కసారే ఒత్తి, చెక్క గీత ఎటు పోతే అటే, ఊపిరి బిగబట్టి, గోడ నుంచి తన మోకాలి దాకా ఒకే లాగుడు. మళ్ళీ తడిగా ఉన్న అంచును కలుపుకుంటూ ఇంకోటి. ఎక్కడా రెండు గీతలు కలిసిన జాడ లేదు. కింద పెరట్లో కుర్చీలో కూర్చున్న అన్న, తెరిచిన కిటికీలోంచి వచ్చే బ్రష్ చప్పుడు విని, "పొడిగా పోతోంది, ముంచు!" అని అరిచేవాడు. "ముంచానండీ!" అని ఆవిడ. "ఇప్పుడు ఎక్కువైంది!" "చెవులా అవి, కళ్ళా?" అని వదిన నవ్వేది. నాకు తెలిసి ఆ మొగుడూ పెళ్ళాలు అంత సరదాగా మాట్లాడుకోవడం చాలా రోజులకి అదే.

కిటికీ దగ్గరికి వచ్చేసరికి బ్రష్ ఆగింది.

వేసిన వార్నిష్ వేసినట్టు ముడుచుకుపోతోంది! జిడ్డు పళ్ళెం మీద నీళ్ళు పోసినట్టు, ఇక్కడో గుంట, అక్కడో చుక్క. అద్దితే పక్కకు పారిపోతోంది. హాలు నడిబొడ్డున, కిటికీ వెలుగు సూటిగా పడే చోట, మశూచి వచ్చిన ముఖంలా తయారైంది నేల. వదిన వంగి గోటితో గీకింది. గోటి కింద చేరినదాన్ని వాసన చూసింది.

ఏం జరుగుతోందో చూసిపోదామని బేరాల బావ అప్పుడే వచ్చాడు. చూశాడు. ముఖం వెలిగిపోయింది! "అయ్యయ్యో, నేల పాడైపోయిందే!" అని ఇల్లంతా వినబడేలా అరిచాడు. అమ్మ వచ్చింది. అన్న గోడ పట్టుకుని, ముక్కుకు తడిగుడ్డ అడ్డం పెట్టుకుని మేడ మెట్ల పైమెట్టు దాకా వచ్చాడు. అప్పుడే బావ ఆ చీపురు మాట అన్నది.

"ఏం జరిగింది?" అన్నాడు అన్న.

వదిన ఒక్కసారి అమ్మ వైపు చూసింది. అమ్మ గోళ్ళ కింద మైనం తెల్లగా మెరుస్తోంది. పాపం, ఏం జరిగిందో అమ్మకింకా అర్థం కాలేదు. "నాదే తప్పండీ" అంది వదిన. కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. "పొద్దున తడిగుడ్డతో తుడిచాను. ఆరకముందే వేసేశాను."

"చూశావా బావమరిదీ! ఆడవాళ్ళ పనులు ఇలాగే ఉంటాయి" అని బావ నా భుజం తట్టాడు. ఆ చెయ్యి తీసెయ్యడానికి కూడా నాకు ధైర్యం చాలలేదు.

అన్న మెల్లగా నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగి, దగ్గు ఆగాక అన్నాడు. "తడికి వార్నిష్ తెల్లబడుతుందే పిచ్చిదానా, ముడుచుకోదు. ముడుచుకుందంటే మైనమే. పద్దెనిమిదేళ్ళు నా బ్రష్‌లు కడిగావు. పని నేర్చుకున్నావు గానీ అబద్ధం ఆడటం నేర్చుకోలేదు."

అమ్మ చేతులు చూసుకుంది. వదిన ముఖం చూసింది. నేల చూసింది. "నేనా?" అంది. "నేనేనా... నేనే పాడుచేశానా?" అని అక్కడే కూలబడిపోయింది. "చెక్కను చూస్తే ప్రాణం ఊరుకోలేదమ్మా! ఆయన ఒళ్ళు ఒలిచినట్టనిపించింది. కాస్త పట్టిస్తే ఏమవుతుందిలే అనుకున్నాను. నా నీడను నేనే నరుక్కున్నానా! నువ్వెందుకే నా తప్పు నెత్తిన వేసుకుంటావ్? నేనేనాడు నీకు ఒక మంచి మాట చెప్పానని?"

వదిన పరుగున వచ్చి అమ్మ తలను గుండెకు హత్తుకుంది. "ఊరుకోండి అత్తయ్యా... మీరు రుద్దబట్టే కదా ఇన్నేళ్ళ తర్వాత కూడా ఒక్క పలకా పగలకుండా ఉంది! పాడైంది చాపంత చోటే. ఇంకా మూడు రోజులుంది. ఏడిస్తే మైనం పోదు, గీకితే పోతుంది. లేవండి!"

"ఏం గీకినా సోమవారానికి కాదులే" అని బావ మెట్లు దిగాడు.

ఆ మధ్యాహ్నం నుంచే మొదలుపెట్టారు అత్తాకోడళ్ళు. బ్లేడుతో ఆ ముడుచుకున్న వార్నిష్ అంతా ఎత్తెయ్యాలి. టర్పెంటైన్ ముంచిన గుడ్డతో మైనం తుడవాలి. కింది నుంచి అన్న అరుస్తూనే ఉన్నాడు. "ఒక గుడ్డ ఒక్కసారే! అదే గుడ్డ తిప్పి తుడిస్తే ఇక్కడి మైనం తీసి అక్కడ పూసినట్టే!" శనివారం పది గంటలకి ఇంట్లో పాత గుడ్డలన్నీ అయిపోయాయి. దిండు గలీబులు కూడా అయిపోయాయి. వదిన తన మంచి దుప్పటి చింపబోయింది. అమ్మ ఆపింది. మోకాళ్ళు పట్టుకుంటూ కిందికి వెళ్ళి తన పెట్టె తెరిచింది. వచ్చేటప్పుడు ఆమె చేతుల్లో నాన్న చొక్కాలు ఉన్నాయి! ఆరు చొక్కాలు. పద్నాలుగేళ్ళుగా ఎవర్నీ ముట్టుకోనివ్వనివి.

"వద్దత్తయ్యా..." అంది వదిన.

"ఆయన కోసమే కదే పూశాను. ఆయన చొక్కాలతోనే తుడవనీ" అని అమ్మ మొదటి చొక్కా భుజం దగ్గర పట్టుకుని సర్రున చింపింది. ఆ చప్పుడు నా గుండెల్లో దిగింది. గుమ్మం బయట నిలబడి ఎంతసేపని చూస్తాను? చెప్పులు విప్పి లోపలికి వెళ్ళి ఒక బ్లేడు తీసుకున్నాను.

అమ్మ మంచినీళ్ళకని కిందికి వెళ్ళినప్పుడు వదిన తలెత్తకుండానే అంది. "శుక్రవారం పొద్దున నీ టీ గ్లాసు మెట్ల మీద వదిలేశావు మరిదీ. పై నుంచి రెండో మెట్టు మీద. సగం తాగి."

నా చేతిలో బ్లేడు ఆగిపోయింది. అంటే ఆవిడకు తెలుసు! అందరి ముందూ తప్పు నెత్తిన వేసుకున్నప్పుడే తెలుసు. అమ్మనొక్కదాన్నే కాదు... నన్ను కూడా కాచింది!

"వదినా..." అన్నాను.

"గీత వెంబడి గీకు. అడ్డంగా గీకితే చెక్క చీరుకుంటుంది" అంది. అంతే! ఈనాటి వరకూ ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టిన తిట్టుకు నేనూ ఓ తిట్టు తిట్టి బయటపడేవాణ్ణి.

ఆదివారం పొద్దున అన్న చెప్పినట్టు ముందు ఆ చోట పల్చగా లక్క పాలిష్ ఒక పూత వేసింది వదిన. చెక్కలో ఎక్కడన్నా కాస్త మైనం మిగిలినా దాన్ని లక్క లోపలే తొక్కిపెడుతుందట. అది ఆరాక, అతుకు ఎక్కడా కనబడకుండా చుట్టూ శుక్రవారం వేసిన పూతను కూడా మెల్లగా గరుకు కాగితంతో రుద్ది, హాలంతా కొత్త పూత మొదలుపెట్టింది. కిటికీ దగ్గరికి వచ్చేసరికి నేనూ అమ్మా గుమ్మంలో బొమ్మల్లా నిలబడ్డాం. బ్రష్ వచ్చింది... పోయింది... వార్నిష్ పరుచుకుంది. నిలిచింది! ముడుచుకోలేదు! మధ్యలో తల వెంట్రుక ఒకటి పడితే, సూది మొనతో తీసి, ఆ చోటును బ్రష్ చివరతో ఒక్కసారి తాకి వదిలేసింది. అంత సుతారం! కింది నుంచి అన్న గొంతు వినబడలేదు. మెట్ల పక్క కిటికీలోంచి తొంగి చూశాను. కుర్చీలో కళ్ళు మూసుకుని, తల మెల్లగా ఊపుతూ, పాట వింటున్నవాడిలా ఉన్నాడు. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి.

సోమవారం టీచరమ్మ కంటే ముందే బేరాల బావ వచ్చాడు, చంకలో కాగితాల సంచీతో. హాలు చూసి ముఖం మాడ్చుకున్నాడు. నన్ను పక్కకి లాగి చెవిలో అన్నాడు. "నేల సంగతి సరే. కింద దూలాలకు చెద పట్టిందని ఒక్క మాట అను చాలు. నువ్వు కింద గదిలోనే ఉంటావు, నీ మాట నమ్ముతుంది. నీ బండి నీ నోట్లోనే ఉంది బావమరిదీ!"

టీచరమ్మ చెప్పులు బయట విప్పి లోపలికి వచ్చింది. వట్టి కాళ్ళతో నాలుగడుగులు వేసింది. మడమతో ఒకచోట గట్టిగా తట్టి చప్పుడు విన్నది. మోకాళ్ళ మీద కూర్చుని, తల పక్కకు వంచి, వెలుగుకు ఎదురుగా నేలంతా చూసింది. కిటికీ దగ్గర అరచేత్తో రాసి చూసింది.

"ఏ మేస్త్రీ వేశాడండీ? నాకు ఇంకో చోట కూడా పని ఉంది" అంది టీచరమ్మ.

గది గాలాడాక రావచ్చని మెట్ల దాకా వచ్చి నిలబడ్డ అన్న, ఎత్తగలిగినంత ఎత్తు గొంతు ఎత్తి అన్నాడు. "వేశాడు కాదండీ, వేసింది! ఇదిగో, ఈవిడే మేస్త్రీ. ముప్పై ఏళ్ళలో నా చేత్తో ఇంత పని నేను చెయ్యలేదు." వదిన చేతులు వెనక్కి దాచుకుంది. అమ్మ ఆ చేతుల్ని ముందుకు లాగి, ఆ పుండ్లను, ఆ వార్నిష్ మరకలను టీచరమ్మకు చూపించింది. "నా కోడలండీ!" అంది. ఆ మాట అంత గర్వంగా అమ్మ నోట మేమెవరం వినలేదు.

"బాగుంది. కానీ పాతిక మంది పిల్లలు ఒకేసారి గెంతుతారు" అని టీచరమ్మ చుట్టూ చూసి, నా వైపు తిరిగింది. "కింద ఉండేది మీరేనట కదా. దూలాలు గట్టివేనా? చెదలు లాంటివేమన్నా?"

బావ నా వైపే చూస్తున్నాడు. వదిన మాత్రం చూడలేదు. తలొంచుకుని తన గోళ్ళు చూసుకుంటోంది. నేను ఏం చెప్పినా నన్ను కాయడానికి సిద్ధంగా ఉన్నట్టే నిలబడింది...!

"ఆ దూలాల కిందే పుట్టినప్పటి నుంచీ పడుకుంటున్నానండీ" అన్నాను. "పిడికెడు పొడి కూడా రాలలేదు. పాతిక మంది కాదు, యాభై మంది గెంతినా కదలవు. మా నాన్న వేసినవి."

టీచరమ్మ నవ్వి అయిదేళ్ళకు మాట ఇచ్చింది. బేరాల బావ ఎవరికీ చెప్పకుండా సంచీ సర్దుకుని మెట్లు దిగిపోయాడు. అమ్మ వదిన భుజం మీద తల పెట్టి ఏడుస్తోంది. అన్న అందరికీ టీ పెట్టమని ఎవరికి చెప్పాలో తెలియక తనే వంటింట్లోకి నడిచాడు.

నేను మర్నాడు పొద్దున్నే మళ్ళీ అదే వ్యానులో ఎక్కి కూర్చున్నాను. అందులో విచారం ఏమీ లేదని చెబితే అబద్ధమవుతుంది. ఆ వ్యాపారి ఇస్తానన్న ధరలో, ఆ ఒక్క మాటతో నేను వదులుకున్న నా వాటా పదకొండు లక్షల అరవై రెండు వేల అయిదు వందలు.